హంతకుడెవరో తెలిశాక కూడా చదివిన నవల: ‘వైల్డ్‌ఫైర్ ఎట్ మిడ్‌నైట్’

కాస్త విశ్రాంతి కోసం వెళ్లిన హోటల్లో మాజీ భర్త దిగి ఉన్నాడు. అదే హోటల్లో ఉన్నవాళ్లలో ఒకరు హంతకుడు. మేరీ స్టూవర్ట్ రాసిన ‘వైల్డ్‌ఫైర్ ఎట్ మిడ్‌నైట్’ ఈ రెండు ముక్కల మీదే నడుస్తుంది. 1956లో వచ్చిన పుస్తకం. విడిపోయిన జంట మళ్లీ ఎదురుపడే రొమాంటిక్ సస్పెన్స్ నవలలు ఇప్పుడు కుప్పలుగా దొరుకుతున్నాయి. అయినా ఆ తరహాలో ఏది పండుతుందో, ఏది తేలిపోతుందో చెప్పమంటే నేను ఇప్పటికీ ఈ పాత నవలే తీస్తాను. చాలా ఏళ్లుగా మళ్లీ మళ్లీ చదువుతున్నాను. తెలిసినవాళ్లకు ఇచ్చి, వాళ్లు తిట్టినప్పుడు కూడా విన్నాను. హంతకుడి పేరు ఇక్కడ చెప్పను. జంట కలుస్తుందా లేదా అన్నది మాత్రం దాచి లాభం లేదు. ఇలాంటి నవలలో కలవకపోతేనే వింత.

కథ 1953 వసంతంలో మొదలవుతుంది. లండన్ అంతా ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం హడావిడిలో ఉంది. ఫ్యాషన్ మోడల్‌గా పనిచేసే జియానెట్టా బ్రూక్‌కు ఆ రద్దీ, ఆ పని రెండూ విసుగెత్తిపోయాయి. అమ్మానాన్నలు చెప్పిన మాట మీద స్కాట్లాండ్‌లోని స్కై దీవికి బయల్దేరుతుంది. అక్కడ కమసునరీ అనే సముద్రతీరంలో, చుట్టూ కొండలున్న ఒక చిన్న హోటల్. చేరగానే రిజిస్టర్‌లో పేరు రాయబోతుంటే అందులో ముందే రాసి ఉన్న పేరు కనబడుతుంది: నికొలస్ డ్రూరీ. కొన్నేళ్ల కిందట విడాకులు తీసుకున్న భర్త. ఆమె తన పుట్టింటి ఇంటిపేరే వాడుతోంది కాబట్టి, వీళ్లిద్దరూ ఒకప్పుడు మొగుడూ పెళ్లాలని మిగతా అతిథులు పట్టుకునే వీలు లేదు.

ఈ రిజిస్టర్ ఘట్టం ఎంత పొదుపుగా ఉంటుందంటే, మొదటిసారి చదివేటప్పుడు దాని బలం తెలియదు. ఇప్పటి నవలల్లో అయితే ఇక్కడే గుండె ఆగిపోవడాలూ, రెండు పేజీల ఫ్లాష్‌బ్యాకూ వచ్చేవి. స్టూవర్ట్ అదేమీ చేయదు. పేరు చూసింది, తన పేరు రాసింది, కథ ముందుకు వెళ్లిపోయింది. ఆ తర్వాత నికొలస్ ఎదురైనప్పుడు ఇద్దరూ మర్యాదగా, కాస్త ముల్లు గుచ్చుతున్నట్టు మాట్లాడుకుంటారు. పక్కనున్నవాళ్లకు అర్థం కాని ఆ ముల్లు మనకు మాత్రం అర్థమవుతుంది. బాంబు టేబుల్ కింద ఉందని ప్రేక్షకుడికి ముందే తెలియాలి, కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు తెలియకూడదు, సస్పెన్స్ అంటే అదే అని సినిమా దర్శకుడు హిచ్‌కాక్ చెప్పేవాడు. ఈ డైనింగ్ హాల్లో ఆ బాంబు ఓ పాత పెళ్లి.

హత్య సంగతికొస్తే, జియానెట్టా రాకముందే అది జరిగిపోయింది. హెదర్ మెక్రే అనే స్థానిక యువతి బ్లావెన్ కొండ మీద చనిపోయి దొరికింది. దగ్గర్లో కాలిపోయిన నెగడు, పక్కన తీసిపెట్టిన నగలు. ఏదో పాత క్రతువులా ఉంది. పాత నమ్మకాలు, క్రతువుల మీద ఫ్రేజర్ రాసిన ‘ది గోల్డెన్ బౌ’లోని అగ్ని పండుగల ప్రస్తావన కూడా నవలలోకి వస్తుంది. చేపలు పట్టడానికి, కొండలెక్కడానికి వచ్చిన అతిథులంతా ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ భోజనం చేస్తుంటారు. అందరూ మర్యాదస్తులే, అందరి మీదా అనుమానమే. ఇదంతా మనకు బాగా తెలిసిన పద్ధతే కాబట్టి ఎక్కువ చెప్పను.

కొండల గురించి మాత్రం చెప్పాలి. బ్లావెన్ ఎత్తు 928 మీటర్లు. ఎత్తు ప్రకారం చూస్తే పెద్ద లెక్కలోకి రాదు గానీ, సముద్రం అంచు నుంచే నిటారుగా లేస్తుంది. మంచు కమ్మిందంటే పది అడుగుల దూరంలో ఉన్నది మనిషో రాయో తెలియదు. స్టూవర్ట్ ఈ ఒక్క విషయాన్ని పీల్చి పిప్పి చేసింది. చివర్లో జియానెట్టా ఆ పొగమంచులో, కాలు దిగబడే బురదనేలలో పరుగెత్తే అధ్యాయం ఉంది. హంతకుడి పేరు కంఠతా వచ్చినా అక్కడ నాకు ఇప్పటికీ టెన్షన్ తగ్గదు. కారణం చాలా మామూలుది. ఆమెకు ఏమీ కనబడదు, వినబడుతుంది అంతే. చప్పుడు ఎటు నుంచి వస్తోందో మంచులో తేలదు. రచయిత్రి ఆ చప్పుళ్లను ఒక్కొక్కటిగా మనముందు పెడుతూ పోతుంది. ఆగిన అడుగు, జారిన రాయి, మళ్లీ నిశ్శబ్దం. నిజంగా కమసునరీలో హోటలేమీ లేదు, కారు వెళ్లే మామూలు రోడ్డు కూడా లేదు. అందుకే కథకు సరిగ్గా సరిపోయింది. ఎవరూ గబుక్కున వచ్చేయలేరు, గబుక్కున వెళ్లిపోనూ లేరు.

ఇక గొడవంతా నికొలస్ దగ్గరే.

నా దగ్గర ఈ పుస్తకం తీసుకున్నవాళ్లలో దాదాపు అందరూ తిరిగిచ్చేటప్పుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: “వీడి దగ్గరికి మళ్లీ ఎందుకు వెళ్లింది?” న్యాయమైన ప్రశ్నే. అతను జియానెట్టాకంటే వయసులో పెద్ద, పేరున్న రచయిత, మాట కటువు. ఆ పెళ్లి చెడింది అతని వల్లే, వేరే ఆడవాళ్ల వ్యవహారం వల్ల. అలాంటిది చివరికొచ్చేసరికి తప్పులో సగం తనదేనన్నట్టు, పొగరుకు పోయి విడిపోయానన్నట్టు ఆమే మాట్లాడుతుంది. ఇప్పటి పాఠకులకు ఇది మింగుడు పడదు, నాకూ పడదు. పైగా రాజీ కొద్ది పేజీల్లోనే తేలిపోతుంది. ఇంత పెద్ద కొండ ఎక్కించి, కిందికి మాత్రం లిఫ్టులో దించేసినట్టుంటుంది.

కొందరు దీన్ని కాలం మీదికి నెట్టేస్తారు, “అప్పట్లో అంతేలే” అని. కాలం సంగతి కొంత నిజమే, అది తెలిస్తే జియానెట్టా బరువు కూడా అర్థమవుతుంది. ఆనాటి ఇంగ్లండ్‌లో విడాకులు కావాలంటే ఎదుటివారి తప్పు కోర్టులో రుజువు కావాలి. ఆ పద్ధతి మారింది 1969 చట్టంతోనే. జియానెట్టా తండ్రి చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఫాదరు. విడాకులు తీసుకున్నవాళ్లకు, మాజీ భర్తో భార్యో బతికుండగా మళ్లీ పెళ్లి చేయడానికి ఆ చర్చి ఒప్పుకునేది కాదు. ఈ నవల రావడానికి కొద్ది నెలల ముందు, 1955 అక్టోబర్ 31న, రాణి చెల్లెలు మార్గరెట్ విడాకులైన పీటర్ టౌన్‌సెండ్‌ను పెళ్లి చేసుకోవడం లేదని ప్రకటన చేసింది. రాజకుమారికే తప్పనిది ఫాదరు కూతురికి ఎలా తప్పుతుంది? ఆ ఇంటివాళ్ల దృష్టిలో కూతురి పెళ్లి ఇంకా ఉన్నట్టే. ఆమెను ఆ హోటల్‌కే పంపింది వాళ్లే, గుర్తుంది కదా. అది ఎంతవరకు యాదృచ్ఛికమో చదివి మీరే తేల్చుకోండి.

అయితే కాలం మీద తోసేస్తే నవలలోని అసలు చిక్కు కనబడకుండా పోతుంది. నికొలస్ నచ్చకపోవడానికి కారణం అతని గుణం ఒక్కటే కాదు, అతనికి రచయిత్రి ఇచ్చిన ఉద్యోగం కూడా. ఒకే మనిషి ఇక్కడ రెండు పనులు చేయాలి. హంతకుడేమో అని మనం భయపడాలి, అదే సమయంలో ఆమె అతన్ని చేరాలని కోరుకోవాలి. మొదటి పని కుదరాలంటే అతని మనసు మనకు కనబడకూడదు. అందుకని స్టూవర్ట్ అతన్ని దూరంగా ఉంచుతుంది. గదిలోకి వస్తాడు, ఓ మాట విసురుతాడు, వెళ్లిపోతాడు. రాత్రి ఎక్కడికి వెళ్లాడో తెలియదు. అనుమానం బాగా పండుతుంది. ప్రేమకు మాత్రం తిండి లేకుండా పోతుంది. మనసు చూపించని మనిషి కోసం మనం ఎంతసేపని ఎదురుచూస్తాం? విడిపోయిన ప్రేమికుడే అనుమానితుడైన ప్రతి నవలకూ ఈ తలనొప్పి ఉంటుంది. సస్పెన్స్ కోసం చదివేవాళ్లు అతన్ని ఇంకా దాచి ఉండాల్సిందంటారు, రొమాన్స్ కోసం చదివేవాళ్లు ఇంకా చూపించాల్సిందంటారు. ఇద్దరి మాటా సబబే.

మరి ఇన్నిసార్లు ఎందుకు చదివానంటే, ప్రేమ వేరేచోట ఉంది. అది నికొలస్ దగ్గర లేదు, జియానెట్టా నోరు మూసుకోవడంలో ఉంది.

కథంతా ఆమే చెబుతుంది. ఇన్‌స్పెక్టర్ మెకెంజీ వచ్చి ప్రశ్నలు మొదలుపెట్టాక, ఒకప్పటి భర్త మీదికి వేలు చూపించే సంగతులు ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోతుంటాయి. చట్టం ప్రకారం అతను ఎవరో, ఆమె ఎవరో. చచ్చిపోయిన అమ్మాయి వైపు నిలబడాలని ఆమెకూ తెలుసు. అయినా గొంతు పెగలదు. మొదటిసారి చదివినప్పుడు మనకు చిరాకు పుడుతుంది, చెప్పేస్తే పోయేదిగా అని. హంతకుడెవరో తెలిశాక మళ్లీ చదివితే అవే పేజీలు వేరేలా ఉంటాయి. అతను నిర్దోషా కాదా అన్న అనుమానం ఇప్పుడు మనకు లేదు, ఆమెకు మాత్రం ఉంది. తెలియకుండానే అతన్ని కాపాడుతోంది, కాపాడినందుకు తనను తాను అసహ్యించుకుంటోంది. విడాకుల కాగితాలతో ఆ బంధం తెగలేదని ఒక్క డైలాగు లేకుండా తెలిసిపోతుంది. చివరి రాజీ పేజీల్లో లేనిదంతా ఇక్కడ ఉంది. నాకు ఇది ఈ నవలలో అన్నిటికంటే మంచి భాగం.

అందుకే మొదటి పఠనంలో పుస్తకాన్ని పక్కన పడేసినవాళ్లతో నాకు పేచీ లేదు గానీ, “ఇందులో రొమాన్స్ లేదు” అంటే మాత్రం ఒప్పుకోను.

మిగతా ఫిర్యాదుల్లో కొన్ని నిజం. పాత్రలు ఎక్కువ, మొదట్లో ఎవరు ఎవరి భర్తో గుర్తుపెట్టుకోవడానికే రెండు అధ్యాయాలు పడుతుంది. నటి మార్షా మేలింగ్ కనబడినప్పుడల్లా కథకు ఊపు వస్తుంది, ఆమె లేని భోజనాల్లో అది తగ్గిపోతుంది. హంతకుణ్ని సగంలోనే పసిగట్టామని చెప్పినవాళ్లున్నారు. పసిగట్టవచ్చు, ఆధారాలన్నీ ఎదురుగానే ఉన్నాయి. ఎవరెస్ట్ ఎక్కబోతున్న బృందం గురించి అతిథులు ఊరికే కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. ఆ కబుర్లను దాటేయకండి, ఇంతకుమించి చెబితే గుట్టు బయటపడుతుంది. నిజ చరిత్రలో హిల్లరీ, టెన్‌జింగ్ శిఖరం చేరింది 1953 మే 29న. ఆ వార్త లండన్‌లో బయటికొచ్చింది జూన్ 2న, పట్టాభిషేకం రోజునే. నవల కాలం సరిగ్గా ఆ రోజుల మీద అమర్చి ఉంది.

ఈ నవల గురించి స్టూవర్టే తర్వాత చెప్పిన మాట ఒకటి నాకు చాలా ఇష్టం. పరిమితమైన చోటు, కొద్దిమంది అనుమానితులు, పక్షపాతంతో చూసే కథకురాలు, ఇలా పాత డిటెక్టివ్ నవల కట్టుబాట్లన్నీ పెట్టుకుని చేసిన ప్రయోగం అంది. పనితనం చాలా నేర్పిందట. అన్నిటికంటే ముఖ్యంగా, మనుషులకంటే ప్లాట్‌కు పెద్దపీట వేసే కథ తనకు పడదని తెలిసిందట. సరిగ్గా పాఠకులు వేలెత్తి చూపించే లోపమే ఇది.

అది ఒట్టి మాట కాదని 1961లో వచ్చిన ‘ది ఐవీ ట్రీ’ చూస్తే తెలుస్తుంది. అందులోనూ పాత ప్రేమికుల సంగతే. ఎనిమిదేళ్ల కిందట ఇల్లు వదిలి వెళ్లిపోయిన అన్నాబెల్ పేరుతో ఒక యువతి ఆ ఇంట్లో అడుగుపెడుతుంది. అన్నాబెల్‌ను రహస్యంగా ప్రేమించిన ఆడమ్ ఫారెస్ట్ పక్క ఎస్టేట్‌లోనే ఉంటాడు. ఈసారి స్టూవర్ట్ ప్రేమికుడి నెత్తిన అనుమానం పెట్టలేదు. కాబట్టి అతన్ని దాచాల్సిన పనీ లేకపోయింది. అగ్నిప్రమాదంలో కాలి మచ్చలు పడిన అతని చేతులు, అతని అలసట, అతని కోపం అన్నీ దగ్గర నుంచి కనబడతాయి. ప్రమాదం వేరే మనిషి నుంచి వస్తుంది, ప్రేమ తన దారిన తాను నడుస్తుంది. ఐదేళ్లలో ముడి విప్పేసింది రచయిత్రి.

రెండూ చదవాలనుకుంటే ‘వైల్డ్‌ఫైర్’ ముందు చదవండి. ‘ఐవీ ట్రీ’ తర్వాత దీనికొస్తే నికొలస్ మరీ చప్పగా ఉంటాడు, మధ్యలో వదిలేసే ప్రమాదం ఉంది. ఐదుకు మూడున్నర ఇస్తాను, అందులో ఒకటి పొగమంచుకు. కొత్త ముద్రణ కొంటే వెనక అట్ట మీది పరిచయం చదవకుండా లోపలికి వెళ్లండి. మాజీ భర్త సంగతి అక్కడే చెప్పేస్తే రిజిస్టర్ పేజీ కాస్తా పాడైపోతుంది. నేనూ పైన చెప్పేశాను కదా అంటారేమో. నిజమే, కానీ ఈ పుస్తకం బాగుండేది రెండోసారి చదివినప్పుడు.