పెరట్లో హంస బాతు పిల్లలు: కొన్నేళ్ల పెంపకం తర్వాత నా అభిప్రాయం

పచ్చగడ్డి మొలిచే పెరడు, పగలంతా ఇంటిపట్టున ఉండే మనిషి ఉంటే హంస బాతు పిల్లలను పెంచడం కోడిపిల్లల కంటే తేలిక. ఈ రెండింటిలో ఏది లేకపోయినా వాటి జోలికి వెళ్లవద్దనే చెబుతాను. నరసన్నపేట దగ్గర మా ఇంటి వెనుక కొబ్బరి చెట్ల కింద కొన్నేళ్లుగా వీటిని పెంచుతున్నాం. మావి ముక్కు మొదట్లో బొడిపె ఉండే చైనా రకం.

గుడ్డు పిల్ల కావడానికి దాదాపు 30 రోజులు పడుతుంది. పెట్ట తానే పొదిగి తిప్పుకుంటే మన పని చాలావరకు తగ్గుతుంది. సంతలో కొనితెచ్చిన పిల్లలకు మాత్రం తల్లి చేసే పనులన్నీ మనమే చేయాలి. మొదటి వారం 32 డిగ్రీలకు తగ్గని వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావచ్చు. మన ఎండల్లో పగటిపూట బల్బు వేయవలసిన అవసరం తక్కువ. చలికాలంలో తెల్లవారుజామునే జాగ్రత్తగా ఉండాలి. నేను థర్మామీటరు కంటే పిల్లలనే ఎక్కువ చూస్తాను. ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా పడుకుంటే చలి, బల్బుకు దూరంగా జరిగి నోరు తెరిచి రొప్పితే వేడి. తుపానుల కాలంలో చిన్న పిల్లలను తేవడం నాకు ఇష్టం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా శ్రీకాకుళం జిల్లాలో ఎన్నో ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పిల్లల మధ్య పెట్టడమే దారి.

పిల్లలను ఉంచే పెట్టె అడుగున వార్తాపత్రికలు పరచకండి. కాళ్లు జారి చెరోవైపుకు చీలిపోతాయి, ఆ పిల్ల మళ్లీ సరిగా నిలబడటం కష్టం. మొదట్లో గోనె సంచి, ఆ తర్వాత ధాన్యపు ఊక బాగా పనిచేశాయి. అయితే ఊకను పొడిగా ఉంచడమే అసలు పరీక్ష. ఇవి నోటినిండా దాణా తీసుకుని నీటి దగ్గరకు పరుగెత్తుతాయి, ముక్కు రంధ్రాల దాకా ముంచుతాయి, తల విదిలించి గోడల మీదికీ పక్కవాటి మీదికీ చల్లుతాయి. ఆ ముంచుకోవడం వాటికి అవసరం, అందుకే నీటి గిన్నె మరీ లోతు తక్కువగా ఉండకూడదు. వెడల్పాటి బేసిను మీద ఇనుప వల బిగించి దానిమీద గిన్నె పెట్టాను, ఒలికిన నీరంతా కిందికి దిగిపోతుంది. ఇంత చిన్న ఏర్పాటుతో పెట్టె వాసన సగానికి పైగా తగ్గింది. నీటి పక్షి కదా అని తొట్టెలో వదిలేయడం మాత్రం ప్రమాదం. తల్లి లేని పిల్ల నూగు త్వరగా తడిసి ముద్దవుతుంది, ఒళ్లు చల్లబడి చనిపోతుంది.

మేత గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పిల్లలను చెడగొట్టేది ఎక్కువగా అదే. మొదటి మూడు వారాలు 20 శాతం మాంసకృత్తులున్న దాణా సరిపోతుంది. ఆ తర్వాత కూడా బ్రాయిలర్ దాణాయే కడుపునిండా పెడితే బరువు తొందరగా పెరుగుతుంది కానీ రెక్కలు పాడవుతాయి. కొత్త ఈకలు నీలం రంగు గొట్టాల్లా మొలిచే వయసులో రోజూ రెక్కలు చూడండి. చివరి కణుపు కిందికి వేలాడినా, బయటికి తిరిగినా వెంటనే రెక్కను మడిచి మెత్తని గుడ్డతో కొన్ని రోజులు కట్టాలి. ఎముక ముదిరాక ఇక సరికాదు. వీటికి కోడిపిల్లల కంటే నయాసిన్ అనే బి-విటమిన్ ఎక్కువ కావాలి. సంత నుంచి వచ్చిన ఒక పిల్ల నాలుగు అడుగులు వేసి కూలబడేది, కాళ్ల కీళ్లు ఉబ్బి ఉండేవి. పశువైద్యుడు బి-కాంప్లెక్స్ మందు ఇచ్చారు, దాణాలో ఈస్టు పొడి కలపమన్నారు. మెల్లగా లేచి తిరిగింది. అప్పటి నుంచి ఈస్టు మానలేదు.

వేరుశనగ చెక్క మన దగ్గర సులువుగా దొరుకుతుంది, కానీ వానాకాలంలో దానికి పట్టే బూజు విషాన్ని బాతు జాతి ఏమాత్రం తట్టుకోలేదు. నేను దాన్ని పూర్తిగా మానేసి నూకలు, తవుడు, చోడి (రాగులు) కలిపి పెడుతున్నాను. అన్నిటికంటే మేలైనది లేత గరిక. పుట్టిన కొద్ది రోజులకే కొరకడం మొదలుపెడతాయి. గడ్డి అరగడానికి కాస్త గరుకు ఇసుక అందుబాటులో ఉంచాలి, పురుగుమందు కొట్టిన గట్టు మీది గడ్డి కోయకూడదు.

పిల్లలు గుడ్డులోంచి బయటికి వచ్చాక మొదట చూసి అలవాటుపడిన వారినే తల్లి అనుకుంటాయి. దీన్ని హంస బాతుల మీదే పరిశీలించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్‌కు 1973లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మా ఇంట్లో ఆ స్థానం మా అత్తగారిది. ఆవిడ గాజుల చప్పుడు వినిపిస్తే చాలు, పెట్టెలో ఉన్నవన్నీ మెడలు చాచి పిలుస్తాయి. ఒంటరిగా ఉంచిన పిల్ల రోజంతా ఏడుస్తుంది, ఆ గొంతు వింటూ ఇంటి పని చేసుకోవడం నావల్ల కాదు.

పెద్దయ్యాక ఇవి నిశ్శబ్దంగా ఉండవు. గేటు దగ్గర కొత్త మనిషి నిలబడితే వీధంతా వినబడేలా అరుస్తాయి. గుడ్ల కాలంలో పోతు ఇంట్లోని చిన్నపిల్లల మీదికి మెడ వంచి బుసకొడుతూ వస్తుంది. రెట్టలు చాలా ఎక్కువ, అరుగు మీదికి రానివ్వకుండా అడ్డు కట్టుకోవాలి. పక్కింటి గోడ ఆనుకుని ఉన్న ఇళ్లకు ఇవి తగవు. బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు కూడా బతుకుతాయి కాబట్టి సరదాగా తెచ్చుకుని తర్వాత వదిలించుకునే ప్రాణులు కావు. మాకు మాత్రం గడ్డి కోసే కూలి ఖర్చు తప్పింది, రాత్రి పెరట్లో చిన్న అలికిడైనా తెలుస్తోంది.

కొనేటప్పుడు రెండు మూడు పిల్లలను కలిపి తీసుకోండి. బొడ్డు ఆరి ఉందా, నేల మీద వదిలితే రెండు కాళ్లూ సమంగా వేసి నడుస్తోందా అని చూడండి. గంపలో నిలబెట్టి చూపించినవి కొనవద్దు. పందికొక్కులు, ముంగిసలు దూరని గట్టి వల ముందే బిగించి పెట్టుకోండి. బాతు ప్లేగు టీకా ఏ వయసులో వేయించాలో దగ్గరి పశువైద్యశాలలో పిల్లలను తెచ్చిన వారంలోనే అడగండి.