ఓపెన్ మ్యాప్‌కి కంపెనీల సాయం: ఏ రూపంలో వస్తే మేలు?

చంద్రగిరి వైపు మా ఊరి పక్కన ఒక వంక ఉంది. వానాకాలం తప్పితే ఏడాదంతా ఇసుకే. ఉపగ్రహ చిత్రంలో అచ్చం మట్టిరోడ్డులా కనిపిస్తుంది. ఎవరైనా గీయగల, దిద్దగల ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఒక కంపెనీ జీతానికి పెట్టుకున్న టీమ్ అందులో దాన్ని రోడ్డుగానే గీసేసింది. నేను వంకగా మార్చాను. కొన్నాళ్లకు వేరే అకౌంట్ నుంచి మళ్లీ రోడ్డు వచ్చి కూర్చుంది. 2021 నవంబర్ వానలు చూసినవాళ్లెవరికీ ఇది చిన్న తప్పనిపించదు. రాయలచెరువు కట్ట నిలుస్తుందా లేదా అన్న టెన్షన్‌తో దిగువ ఊళ్లు ఖాళీ చేయించారు. అలాంటి రాత్రి మ్యాప్ చూసి ఎవరైనా ఆ వంకలోకి బండి దింపితే?

అలాగని కంపెనీలే వద్దనే మిత్రుల మాట నేను ఒప్పుకోను. 2004లో స్టీవ్ కోస్ట్ ఇంగ్లండ్‌లో మొదలుపెట్టిన ఈ మ్యాప్‌ని వాలంటీర్లే పెంచారు, నిజమే. కానీ 2010లో మైక్రోసాఫ్ట్ తన బింగ్ ఉపగ్రహ చిత్రాలు చూసి గీసుకోమని అనుమతి ఇవ్వకపోతే, మాలాంటివాళ్లం జీపీఎస్ పట్టుకుని ఇంకా సందు సందూ తిరుగుతుండేవాళ్లం.

కంపెనీల సాయానికి మొదటి దారి జీతం టీములు. వాటి బలం వేగం. మేం ఏడాదిలో గీసేది వాళ్లు వారంలో గీస్తారు. ఎవరు, ఎక్కడ, ఎందుకు గీస్తున్నారో ముందే చెప్పాలని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫౌండేషన్ 2018లో మార్గదర్శకాలు కూడా పెట్టింది. అయితే ప్రాజెక్టు అయిపోయి టీమ్ వెళ్లిపోయాక, తప్పు ఎవరిని అడగాలి? గీసినవాడు ఊళ్లో ఉంటే రచ్చబండ దగ్గరే దొరుకుతాడు.

రెండో దారి కంపెనీలు తమ డేటా తామే కూర్చుకోవడం. 2022 డిసెంబర్‌లో అమెజాన్, మెటా, మైక్రోసాఫ్ట్, టామ్‌టామ్ కలిసి ఓవర్చర్ అనే ఉమ్మడి మ్యాప్ డేటా ప్రాజెక్టు పెట్టాయి. అందులో మన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా కూడా ఉంటుంది. యాప్‌లు చేసేవాళ్లకి అది సుఖమే, మన వంకకి మాత్రం ఒరిగేదేమీ లేదు. తప్పు కనిపిస్తే మనమే దిద్దేసే వీలు అక్కడ లేదు.

నా ఓటు మూడోదానికే: కంపెనీ చిత్రాలు, పనిముట్లు, సర్వర్లకు డబ్బు ఇవ్వాలి, గీత ఖాయం చేసేది ఆ చోటు తెలిసినవాళ్లు కావాలి. ఇది నిదానం, ఒప్పుకుంటాను. కానీ అలిపిరి దారినే తీసుకోండి. 3,550 మెట్లు, చాలా మేర పైన కప్పు, చుట్టూ చెట్లు. మంచినీళ్ల కొళాయి ఎక్కడుందో, ముసలివాళ్లు కూర్చునే అరుగు ఏ మలుపులో ఉందో ఏ ఉపగ్రహానికి కనిపిస్తుంది? ఎక్కినవాళ్లే పెట్టాలి. పేర్లూ అంతే. తాతయ్యగుంటను తెలుగులో ఎలా రాయాలో తిరుపతివాళ్లని అడిగితే ఒక్క నిమిషం పని.

ఇక జీతం టీములే రావాలంటారా, రానివ్వండి. స్థానికులు ఒకసారి దిద్దిన గీతను మాత్రం అడగకుండా ముట్టుకోకూడదు. ఈ ఒక్క షరతు పాటిస్తే నాకు అభ్యంతరం లేదు.

మా వంకను మొన్న మళ్లీ సరిచేశాను. ఎండాకాలంలో, వానాకాలంలో తీసిన రెండు ఫోటోల వివరం కూడా అక్కడే నోట్‌గా రాసి పెట్టాను.