"లెక్కలు రాకపోయినా ఫిజిక్స్" పోస్టరు నమ్మి 6,000 తగలేశాను, మీరు తగలేయకండి

ఒడిశాలో మా పర్లాకిమిడి వాళ్లకి ఆ పోస్టరు చూపించక్కర్లేదు. "లెక్కలు రాకపోయినా +3 ఫిజిక్స్, 40 రోజుల్లో." (+3 అంటే ఇక్కడ డిగ్రీ, +2 అంటే ఇంటరు.) ట్యూషన్ సెంటరు పేరు రాయను. నిన్న సాయంత్రమే బయటికొచ్చేశాను, కోపం ఇంకా దిగలేదు, తప్పులుంటే సర్దుకోండి.

నా సంగతి రెండు ముక్కలు. పదితోనే లెక్కలకి దండం పెట్టేశాను. +2లో బయాలజీ, ఫిజిక్స్ బట్టీ కొట్టి గట్టెక్కాను. +3లో మైనరుగా, అంటే రెండో సబ్జెక్టుగా, మళ్లీ ఆ ఫిజిక్సే తగులుకుంది. చేరేరోజు సారు "నీకెందుకు తల్లీ భయం, కూడికలూ తీసివేతలూ వస్తే చాలు" అన్నారు. ఆ "తల్లీ"కి పడిపోయి అక్కడికక్కడే ఫోన్‌పే కొట్టాను.

మొదటి రోజే డీఎస్ బై డీటీ. అదేటి సార్ అంటే "స్పీడే, రాసుకో". రాసుకున్నాం.

ఎనిమిదో రోజు, అంటే నిన్న, ఏటవాలు పలక. బోర్డు మీద వాలుగీత, దాని మీద చిన్న పెట్టె, కిందికి ఎంజీ (అంటే పెట్టె బరువు) బాణం. రాపిడి లేదనుకుంటే త్వరణం జీ సైన్ తీటా (జీ అంటే 9.8, తీటా అంటే పలక వాలిన కోణం), 30 డిగ్రీలకి 4.9 అని రాసి కింద గీత కొట్టేశారు. చెయ్యెత్తాను. "సార్, సైనే ఎందుకు? కాస్ ఎందుకు కాదు?"

సుద్దముక్క కింద పెట్టారు. నా వైపు కాదు, క్లాసు వైపు తిరిగారు. "ఈవిడగారు ఫిజిక్స్ చదువుతారట. సైనూ కాసూ తెలీనప్పుడు ఇంట్లో జంతికలు చుట్టుకోవచ్చు కదా." ఒడియా పిల్లలకి అందలేదేమోనని అదే మాట ఒడియాలో ఇంకోసారి. పాఠం మాత్రం ఏ రోజూ రెండుసార్లు చెప్పలేదు మహానుభావుడు! అందరూ నవ్వారు. నా పక్కపిల్ల నవ్వలేదు. దాని నోట్సులోనూ సైన్ పక్కన ప్రశ్న గుర్తే ఉంది.

డబ్బు వెనక్కిమ్మంటే రసీదు వెనక చీమతలకాయంత అక్షరాలు చూపించారు. చదవకుండా సంతకం పెట్టింది నేనే. నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

రాత్రి పాతపట్నంలో మా బావకి ఫోన్ చేశాను. "తీటా సున్నా అనుకోవే. పలక బల్లపరుపు. పెట్టె జారుతుందా?" జారదు. "సైన్ సున్నా ఎంత?" సున్నా. "కాస్ సున్నా?" ఒకటి. "మరి కాస్ వేస్తే పెట్టె ఉన్నచోటి నుంచే 9.8 త్వరణంతో పరిగెత్తాలి కదే!" నిమిషం పట్టలేదు. డీఎస్ బై డీటీ అంటే దూరం-కాలం గ్రాఫు ఎంత నిటారుగా ఉందన్నదేనట, అదీ బావే చెప్పాడు.

చేరాలనుకునేవాళ్లకి: లెక్కలు అక్కర్లేదన్నది పచ్చి అబద్ధం. సైన్, కాస్, సమీకరణాలు, గ్రాఫులు కావాల్సిందే. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాళ్ల సైట్లో ఊరికే దొరుకుతాయి. అయినా చేరతానంటే ముందు ఒక క్లాసులో కూర్చుని నేనడిగిన ప్రశ్నే అడగండి, డబ్బు తర్వాత.

అమ్మకి ఇంకా చెప్పలేదు. రేపు క్లాసుకని టిఫిన్‌కి పిండి రుబ్బుతోంది.