డీఎన్‌ఎస్ ప్యానెల్‌కి స్టాండర్డ్స్ అప్‌డేట్ అని డబ్బులడుగుతున్నారా? జాగ్రత్త

హైదరాబాద్‌లో చిన్న హోస్టింగ్ నడుపుకునేవాళ్ళు, ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునేవాళ్ళు కాస్త ఆగి చదవండి. కూకట్‌పల్లిలో మాది ఆరుగురి ఆఫీసు, నూట నలభై దాకా కస్టమర్ల డొమైన్లు మా దగ్గరే ఉంటాయి. మా డీఎన్‌ఎస్ ప్యానెల్ (ఏ డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పే రికార్డులు చూసుకునే సాఫ్ట్‌వేర్) అమ్మినాయన ఫోన్ చేసి, కొత్త వెర్షన్ వచ్చింది సార్, అన్ని ఆర్‌ఎఫ్‌సీలకీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలకి) ఫుల్ కంప్లయన్స్, వేసుకోకపోతే మీ మెయిల్స్ పోవు అని భయపెట్టాడు, 2024 ఫిబ్రవరి నుంచి బల్క్‌లో పంపేవాళ్ళకి, మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనా అని తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలని జీమెయిల్ పట్టుబట్టింది నిజమే కదా, నేనూ నమ్మి ఏడాదికి పద్దెనిమిది వేలు కట్టేశా. జీఎస్టీ వేరే.

మర్నాడే గోల మొదలు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ నడిపే కస్టమర్ ఫోన్, ఫీజు రిమైండర్లన్నీ స్పామ్‌లో పడుతున్నాయి భయ్యా అని. చూస్తే అప్‌డేట్ మెయిల్ సంతకాన్ని సరిచూసే పాత 1024 బిట్ డీకిమ్ కీ తీసేసి 2048 పెట్టింది. మంచిదే. కానీ ఆ కీని డీఎన్‌ఎస్‌లో ఉంచే టీఎక్స్‌టీ (టెక్స్ట్) రికార్డులో ఒక్కో స్ట్రింగ్ 255 బైట్లు దాటకూడదు, 2048 కీ ఒక్కటే 392 అక్షరాలు, ముక్కలు చేసి విడివిడిగా కోట్స్‌లో పెట్టాలి. ఈ మహానుభావులు 255 దగ్గర కత్తిరించి మిగతాది పారేశారు, స్క్రీన్ మీద మాత్రం పచ్చ టిక్కు! పాత కీ 216 అక్షరాలే కాబట్టి ఇన్నాళ్ళూ బాగోతం బయటపడలేదు.

అనుమానం వచ్చి డీఎన్‌ఎస్ సర్వర్‌ని అడిగి చూసే డిగ్ కమాండ్‌కి ప్లస్ టీసీపీ తగిలించి, జవాబు టీసీపీ కనెక్షన్ మీద ఇమ్మని అడిగా. కనెక్షన్ రిఫ్యూజ్డ్. ఫైర్‌వాల్‌లో డీఎన్‌ఎస్ పోర్ట్ 53 తెరిచే ఉంది, వీళ్ళ సాఫ్ట్‌వేరే టీసీపీలో పలకట్లేదు. మామూలుగా డీఎన్‌ఎస్ జవాబులు వెళ్ళే యూడీపీలో పట్టని పెద్ద జవాబు కోసం రిసాల్వర్ (మన తరఫున డొమైన్లు వెతికిపెట్టే సర్వర్) టీసీపీలో మళ్ళీ వస్తుంది, అది తప్పనిసరి అని 2016లోనే ఆర్‌ఎఫ్‌సీ 7766లో రాసేశారు, 2020 డీఎన్‌ఎస్ ఫ్లాగ్ డేకి (డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్లవాళ్ళంతా కలిసి మార్పుకి పెట్టుకున్న రోజు) యూడీపీ సైజు 1232 బైట్లకి తగ్గించుకోమన్నాక దాని అవసరం ఇంకా పెరిగింది. మరి నాకు అమ్మిన కంప్లయన్స్ ఏంటో!

సపోర్ట్‌వాళ్ళు మూడుసార్లు రీస్టార్ట్ చేయమన్నారు, తర్వాత మీ ఇంటర్నెట్ వాళ్ళని అడగండి అన్నారు. జోన్ ఫైళ్ళ (డొమైన్ల రికార్డులుండే ఫైళ్ళ) బ్యాకప్ ఉండబట్టి బతికిపోయా, అయినా టీటీఎల్ (రికార్డుని క్యాషులో ఎంతసేపు ఉంచుకోవచ్చో చెప్పే అంకె) 86400 సెకన్లు ఉండటంతో చెడ్డ రికార్డు క్యాషుల్లోంచి పోయేదాకా ఒక రోజంతా కస్టమర్లతో తిట్లు తిన్నా.

మీకూ ఇలాంటి ఫోన్ వస్తే ముందు ట్రయల్ అడగండి, పనికిరాని డొమైన్ ఒకటి పెట్టి 2048 కీ వేసి డిగ్‌తో మీరే చూసుకోండి, టీసీపీలో కూడా. ట్రయల్ ఇవ్వం అని వాళ్ళంటే అక్కడే ఫోన్ పెట్టేయండి. నా రీఫండ్ అడిగి మూడు వారాలైంది, మేనేజర్ గారు లీవులో ఉన్నారట.