వికర్ మ్యాన్, మిడ్‌సోమర్: మొదట ఏది చూడాలి?

ఫోక్ హారర్‌ను, అంటే మారుమూల ఊళ్ల పాత నమ్మకాల చుట్టూ అల్లిన భయం సినిమాలను, దేనితో మొదలుపెట్టాలని అడిగితే ఎక్కువగా వినిపించేవి ఈ రెండు పేర్లే. రాబిన్ హార్డీ 1973లో తీసిన ‘ది వికర్ మ్యాన్’, ఆరి ఆస్టర్ 2019లో తీసిన ‘మిడ్‌సోమర్’. రెండింట్లోనూ లోకానికి దూరంగా ఒక ఊరు, పాత దేవుళ్ల కొలువు, బయటి నుంచి వచ్చినవాళ్లు, చివర్లో నరబలి. దారుణమంతా పొద్దుండగానే, పాటల మధ్యే జరిగిపోతుంది. (ముగింపులు చెప్పేస్తున్నాను, చూడనివాళ్లు జాగ్రత్త.)

నా ఓటు వికర్ మ్యాన్‌కే.

తప్పిపోయిన ఓ అమ్మాయిని వెతుక్కుంటూ పోలీసు సార్జెంట్ హోవీ స్కాట్లండ్ దగ్గరి సమ్మరైల్ అనే కల్పిత దీవికి వస్తాడు. యాపిల్స్‌కు పేరుపడ్డ దీవి అది, కానీ బస చేసిన చోట అతనికి పెట్టేది డబ్బాల్లో వచ్చిన తిండి. గోడ మీద ఏటేటా పంట పండుగ ఫొటోలుంటాయి, కిందటేడాదిది మాత్రం ఉండదు. పంట పోయిందన్న సంగతి మన కళ్లముందే ఉంటుంది, హోవీలాగే మనమూ పట్టించుకోం. పైగా ఆ మతం అనాదిగా వస్తున్నదేం కాదు. కొత్త రకం పండ్ల మొక్కలు తెచ్చిన ఆ దీవి దొరగారి తాత, జనాన్ని పనిలోకి దింపడానికి పాత దేవుళ్లను మళ్లీ నిలబెట్టాడు. అందుకే చావుకు ముందు హోవీ వేసే మాట సూటిగా తగులుతుంది: వచ్చే ఏడూ పంట పోతే ఈ జనం నిన్నే బలి అడుగుతారు. దొరగా వేసిన క్రిస్టఫర్ లీ మొహం ఆ ఒక్క క్షణం చూడండి.

హోవీ కరడుగట్టిన క్రైస్తవుడు. అతనికి ఊళ్లో ప్రతి పాటా పాపమే. అమ్మవారి కొలుపులు, వేటపోతులు చూస్తూ పెరిగిన మనకు మొదటి గంటలో అతనే తేడాగా కనిపిస్తాడు! ఊరివాళ్ల వైపు మొగ్గి, చివర్లో బిక్కచచ్చిపోతాం.

మిడ్‌సోమర్‌లో ఈ మెలిక లేదు. స్వీడన్‌లోని ఆ ఊరికి అమెరికా కుర్రాళ్లు అడుగుపెట్టగానే ఏమవుతుందో తెలిసిపోతుంది. 147 నిమిషాలంటే సాగదీతే. 72 ఏళ్లు నిండిన ముసలివాళ్లు కొండ మీంచి దూకే సీన్‌లో కెమెరా ఏదీ దాచదు, గుండె గట్టిగా ఉండాలి. అయినా ఒక చోట మాత్రం పాత సినిమాను మించిపోతుంది. ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న హీరోయిన్ డానీ, బాయ్‌ఫ్రెండ్ మోసం చూసి కుప్పకూలినప్పుడు ఊరి ఆడవాళ్లంతా చుట్టూ చేరి ఆమె ఏడుపులో ఏడుపు, ఊపిరిలో ఊపిరి కలుపుతారు. బాయ్‌ఫ్రెండ్ దగ్గర ఆమెకు ఎన్నడూ దొరకనిది అదే. మనిషి ఇలాంటి గుంపులో ఎందుకు చేరతాడో ఆ సీన్‌కి తెలుసు. వికర్ మ్యాన్ ఆ జోలికే పోదు.

కాబట్టి గంటన్నర టైముంటే వికర్ మ్యాన్. బ్రేకప్ బాధలో ఉన్నవాళ్లు మాత్రం నేరుగా మిడ్‌సోమర్‌కే వెళ్లండి. వెతికేటప్పుడు 1973 అని చూసుకోండి, 2006లో నికోలస్ కేజ్‌తో తీసిన రీమేక్ కూడా ఇదే పేరుతో ఉంది. అది భయపెట్టదు, నవ్విస్తుంది.