బట్టల పెట్టె కంపెనీలో పద్దెనిమిది నెలలు

అయిదుకి మూడు ఇస్తాను. పెట్టె తెప్పించుకునేవాళ్ళ వైపు నుంచి చూస్తే మూడున్నర, ఆ పెట్టెలోకి బట్టలు ఎంచే ఉద్యోగానికి రెండున్నర. కలిపి మూడు.

ముందు ఆ పనేమిటో చెప్పాలి, ఎందుకంటే మా అమ్మకి ఇప్పటికీ అర్థం కాలేదు. "మనిషిని చూడకుండా బట్టలు ఎట్లా తీస్తావే?" అంటుంది. అమెరికాలో ఈ తరహా కంపెనీల్లో అందరికీ తెలిసింది స్టిచ్ ఫిక్స్. కత్రీనా లేక్ అనే ఆవిడ హార్వర్డ్‌లో ఎంబీఏ చేస్తూ 2011లో మొదలుపెట్టి, 2017లో నాస్‌డాక్ స్టాక్ మార్కెట్ దాకా తీసుకెళ్ళింది. నేను చేసింది అందులో కాదు, దాదాపు అదే పద్ధతిలో నడిచే ఇంకోదాంట్లో. పేరు వద్దు. కస్టమరు తన ఎత్తు, బరువు, సైజులు, ఎంతలో కావాలో అన్నీ నింపుతుంది. ఎక్కడో కూర్చున్న స్టైలిస్టు అయిదు బట్టలు ఎంచి, నాలుగు ముక్కల నోటు రాసి పంపుతుంది. ఇంట్లో వేసుకుని చూసి, నచ్చినవి ఉంచుకుని, మిగతావి పెట్టెలోనే వచ్చిన సంచిలో పెట్టి పోస్టులో వెనక్కి పంపాలి. స్టైలింగ్ ఫీజు 20 డాలర్లు. ఒక్కటి కొన్నా ఆ 20 బిల్లులోంచి తీసేస్తారు.

2021 ఆగస్టులో చేరాను. హెచ్-4 ఈఏడీ, అంటే డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, చేతికొచ్చి రెండు నెలలు. పిల్లాణ్ణి బడి దగ్గర దింపి వచ్చి, ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిస్తే రెండింటి దాకా షిఫ్టు. గంటకి 17 డాలర్లు. గంటకి నాలుగు పెట్టెలు తేల్చాలి, అంటే మనిషికి పావుగంట.

చీరాలలో మా నాన్నది బట్టల కొట్టు. పరుపు మీద కూర్చోబెట్టి ముప్పై చీరలు పరిచినా ఆయన కళ్ళు చీరల మీద ఉండవు, కొనే మనిషి చేతి మీద ఉంటాయి. నోటితో "బాగుంది" అన్న చీర కాదట, మాట్లాడుతూ మాట్లాడుతూ ఏ అంచుని రెండు వేళ్ళ మధ్య నలుపుతుందో అదే కొంటుందట. ఇంటర్వ్యూలో ఇది చెప్తే వాళ్ళు తెగ ముచ్చటపడ్డారు. పనిలోకి దిగాక చూస్తే చెయ్యే లేదు. స్క్రీనుకి ఎడమవైపు కొలతలు, కుడివైపు కంప్యూటరు పేర్చి ఇచ్చిన బట్టలు, ఒక్కోదాని పక్కన "ఈమె ఉంచుకునే అవకాశం ఇంత శాతం" అని అంకె. అడుగున ఒక చిన్న గడి, కస్టమరు ఏమైనా చెప్పదలుచుకుంటే రాయడానికి. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. కాస్త రాసినవాళ్ళ మాటల్లోనే నేను ఆ చెయ్యి వెతుక్కునేదాన్ని.

అప్పుడప్పుడు మన పేర్లు వచ్చేవి. ఒకామె "నవంబరు దాకా స్లీవ్‌లెస్ వద్దు" అని రాసింది. కంప్యూటరు దాన్ని చలికాలం గొడవ అనుకుని స్వెటర్లు పైకి తెచ్చింది. నేను మాత్రం ఫక్కున నవ్వాను. అప్పుడు మే నెల. అత్తగారు వచ్చారు, విజిటర్ వీసా, ఆరు నెలలు! మోచేతి దాకా చేతులున్న పల్చటి కాటన్ టాపులు మూడు, పొడుగు స్కర్టు ఒకటి, ఒక ప్యాంటు పంపితే అయిదూ ఉంచేసుకుంది.

తప్పు కూడా ఒకటి చేశాను, చెప్పాలి. చేరిన మూడో నెల. ఒకామె "మా నాన్నగారి సర్వీస్ శనివారం, మోకాలి కిందికి ఉండే డ్రస్సు కావాలి" అని ఇంగ్లీషులో రాసింది. సర్వీస్ అనగానే నా బుర్రలో ఏం మెదిలింది? మా పెదనాన్న ముప్పై మూడేళ్ళ సర్వీసు, ఆర్టీసీ డిపోలో రిటైర్మెంటు ఫంక్షను, మెళ్ళో చామంతి దండ. పగడం రంగు డ్రస్సు పెట్టి, "వేడుక బాగా జరగాలి" అని రాసి పంపేశాను. పెట్టె మొత్తం తిరిగొచ్చింది. అభిప్రాయం గడిలో రెండే ముక్కలు: అది ఆయన అంత్యక్రియలు. ఇక్కడ చర్చిలో జరిపే ఆ కార్యక్రమాన్ని సర్వీస్ అంటారని అప్పటిదాకా నాకు తెలియదు. క్షమాపణ రాద్దామంటే కస్టమరుకి స్టైలిస్టు నేరుగా రాసే దారి లేదు, తర్వాతి పెట్టె నోటులో తప్ప. ఆమె తర్వాతి పెట్టె అడగలేదు.

ఇక తెప్పించుకునేవాళ్ళకి. పెటైట్ అంటే సన్నగా ఉన్నవాళ్ళకి అనుకుని మనవాళ్ళు దాన్ని దాటేస్తారు. అది ఎత్తు లెక్క. అయిదడుగుల నాలుగంగుళాల లోపు వాళ్ళ కోసం భుజం, చెయ్యి పొడుగు, నడుం ఎక్కడ పడాలో అన్నీ మార్చి కుడతారు. లావుగా ఉన్నా పొట్టిగా ఉంటే అదే పెట్టండి. మామూలు సైజు ప్యాంటు తీసుకుని అడుగు కత్తిరించుకుంటే పొడుగు సరిపోతుంది గానీ మోకాలు ఉండాల్సిన చోట ఉండదు. సైజు అంకెను కూడా నమ్మొద్దు. ఒక బ్రాండు 6 ఇంకో బ్రాండులో 10 అవుతుంది. టేపు పెట్టి కొలిచి, ఇక్కడ బిగుతవుతుంది, అక్కడ వదులవుతుంది అని ఆ గడిలో రాయండి. జాకెట్టు కుట్టించేటప్పుడు టైలరుకి చంక దగ్గర పట్టేస్తోందని చెప్తాం కదా, అచ్చం అట్లాగే.

డబ్బు దగ్గర ఒక చిత్రమైన లెక్క ఉంది. అయిదూ కొంటే 25 శాతం తగ్గింపు. ఒక్కోటి 60 డాలర్లు అనుకోండి. నాలుగు ఉంచుకుంటే 240, ఫీజు 20 పోను 220 కట్టాలి. అయిదూ ఉంచుకుంటే 300లో నాలుగోవంతు పోయి 225, ఫీజు పోను 205. నచ్చని అయిదోది కూడా ఉంచుకుంటేనే పదిహేను డాలర్లు మిగులుతాయన్నమాట! కాబట్టి నాలుగు నచ్చితే అయిదోది వెనక్కి పంపకండి. మూడే నచ్చితే మాత్రం 160తో బయటపడొచ్చు, తగ్గింపు చూసి టెంప్ట్ కావద్దు.

ఉద్యోగానికి రెండున్నరే ఎందుకంటే, మొదటి ఏడాది ఎంపిక నాది. తర్వాత మెల్లగా గోడౌనుది అయింది. అమ్ముడుపోకుండా పడున్న సరుకే జాబితాలో పైకి వచ్చేది. ఒక ఆవపిండి రంగు కార్డిగన్ ఉండేది, అంటే ముందు బటన్లుండే స్వెటరు, బటన్లు చెక్కవి. ఎవరి ప్రొఫైలు తెరిచినా అదే, 81 శాతం అని. రంగురంగులవి వద్దని రాసుకున్న నర్సుకీ అదే, ఎండలు మండే ఫీనిక్స్‌లో ఉన్న టీచరుకీ అదే. దాన్ని పెట్టకుండా దాటేసినందుకు నెలాఖరు మీటింగులో నాకు సుతిమెత్తగా చీవాట్లు. మనిషికి ఇచ్చిన పావుగంట కాస్తా పదకొండు నిమిషాలకి తగ్గింది. వారానికి 25 గంటలు అన్నవాళ్ళు 15కి దించారు. నోటు కూడా మనం రాయక్కర్లేదు, రెడీగా ఉన్న వాక్యాల్లోంచి ఒకటి ఎంచుకోమన్నారు. ఈ వ్యాపారమే గట్టిది కాదనుకోండి. నార్డ్‌స్ట్రామ్ అంతటి పెద్ద బట్టల దుకాణాల వాళ్ళు 2014లో ట్రంక్ క్లబ్ అనే ఇలాంటి పెట్టె కంపెనీని కొని, 2022లో మూసేశారు. నేను 2023 ఫిబ్రవరిలో మానేశాను.

అయినా ఈఏడీ కొత్తగా వచ్చి, రెజ్యూమేలో ఆరేళ్ళ ఖాళీ ఉన్నవాళ్ళు అడిగితే ఒక ఏడాది చెయ్యండి అనే చెప్తాను. అమెరికా వాళ్ళు ఆఫీసుకి ఏం వేసుకుంటారో, చావుకి ఏం వేసుకుంటారో నేను నేర్చుకున్నది అక్కడే.

మానేసిన మూడు నెలలకి కస్టమరుగా నాకు నేనే ఒక పెట్టె తెప్పించుకున్నాను. గడి నిండా రాశాను, ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం, పసుపు రకాలు నప్పవు అని కూడా. పెట్టె విప్పితే అన్నిటికంటే పైన ఆవపిండి రంగు కార్డిగన్, చెక్క బటన్లు. "ఇది చూడగానే మీరే గుర్తొచ్చారు" అని నోటు. ఆ రెడీమేడ్ వాక్యాలు ఇమ్మని మా టీముని అడిగినప్పుడు నేను రాసిచ్చినదే అది. సైజు మాత్రం చక్కగా సరిపోయింది. పంపినామె ఎవరో గానీ, ఆ రోజు షిఫ్టులో నాది చివరి పెట్టె అయ్యుంటుంది.