విండోస్, లినక్స్, ఐబీఎమ్ ఐ మధ్య పాల లెక్కలు: ఐబీఎమ్ ఎంక్యూ దీర్ఘకాల సమీక్ష

పలమనేరు వైపు బీఎంసీల్లో (పాలు చల్లబరిచే కేంద్రాలు) విండోస్ పీసీలు, తిరుపతిలో లినక్స్ సర్వరు, రైతుల బిల్లులు వేసేది ఐబీఎమ్ ఐ మెషీను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు) ఈ మూడు మెషీన్లనూ దాటి బిల్లులోకి ఎక్కాలి. ఈ దారిలో, మెసేజ్‌లను క్యూల్లో పెట్టి ఒక సిస్టం నుంచి ఇంకోదానికి చేరవేసే ఐబీఎమ్ ఎంక్యూను ఏళ్లుగా నడిపాక తేలింది ఇది: మెసేజ్ చేరుతుందా అనే దిగులు తక్కువే, చేరినదాన్ని అవతలివాడు చదవగలడా అన్న దగ్గరే పనంతా ఉంది. దానికి కావలసిన సరంజామా ఎంక్యూలో ఉంది, అయితే ప్రోగ్రాం రాసేవాళ్లు చూసి పెట్టుకోవాలి.

లినక్స్‌లో అంకె 1 అంటే హెక్సాలో 31 బైటు. ఐబీఎమ్ ఐ వాడే అక్షరాల కోడ్ ఎబ్సిడిక్‌లో అదే అంకె ఎఫ్1. ఈ తేడా తెలియడానికి ఎంక్యూ ప్రతి మెసేజ్‌కీ ఒక హెడరు తగిలిస్తుంది. అందులో సీసీఎస్ఐడీ అక్షరాలు ఏ కోడ్‌లో ఉన్నాయో చెబుతుంది, యూటీఎఫ్-8కు 1208, అమెరికన్ ఎబ్సిడిక్‌కు 37. ఎన్‌కోడింగ్ గడి అంకెల బైట్ల వరస చెబుతుంది, విండోస్, ఇంటెల్ లినక్స్‌లకు 546, ఐబీఎమ్ ఐకి 273. మూడోది ఫార్మాట్. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. లోపల ఉన్నది అక్షరాలైతే అక్కడ ఎంక్యూఎస్‌టీఆర్ అని ఉండాలి. ఖాళీగా వదిలేస్తే, తీసుకునే ప్రోగ్రాం కన్వర్ట్ ఆప్షన్ అడిగినా మార్పిడి జరగదు. 2110 అనే కోడ్‌తో బైట్లు ఎలా వచ్చాయో అలాగే చేతికిస్తుంది. అది వార్నింగే గానీ ఫెయిల్యూర్ కాదు. ఫెయిల్యూర్ ఒక్కటే చూసుకునే ప్రోగ్రాం ఆ చెత్తను నిక్షేపంగా టేబుల్లో రాసేస్తుంది.

మార్పిడి ఎక్కడ చేయాలి అంటే తీసుకునే చోటే. పంపే ఛానల్లో (సర్వర్ల మధ్య మెసేజ్‌లు మోసే లైను) కూడా కన్వర్ట్ సదుపాయం ఉంది, డిఫాల్టుగా ఆపి ఉంటుంది, అలాగే ఉండనివ్వండి. రెండు మూడు సర్వర్లు దాటే మెసేజ్‌ని దారిలో మారుస్తూ పోతే, మధ్యలో ఏదో ఒక కోడ్‌లో లేని అక్షరం ఉంటే అది అక్కడే పోతుంది, మళ్లీ రాదు.

జావాలో జేఎంఎస్ (మెసేజ్‌లు పంపే జావా పద్ధతి) ద్వారా పంపేవాళ్లకు ఇంకో తిరకాసు. టెక్స్ట్ మెసేజ్‌గా పంపితే ఫార్మాట్ సరిగ్గానే పడుతుంది గానీ, అసలు డేటాకు ముందు ఆర్ఎఫ్‌హెచ్2 అనే అదనపు హెడరు చేరుతుంది. ఐబీఎమ్ ఐలో ఆర్పీజీ భాషలో రాసిన ప్రోగ్రాం దాన్ని రైతు కోడ్ అనుకుని చదువుతుంది. డెస్టినేషన్‌లో టార్గెట్ క్లయింట్‌ను 1 చేస్తే ఈ హెడరు రాదు.

ఎంక్యూఎస్‌టీఆర్ పెట్టేశాం కదా అని ప్యాక్డ్ డెసిమల్ (బైటుకు రెండంకెలు కుదించి రాసే పద్ధతి) ఫీల్డులను అందులో కలిపితే ఇంకా పెద్ద నష్టం. ఫ్యాట్ 4.2 ప్యాక్డ్‌లో రెండు బైట్లు: 04, 2సి. వాటిని కూడా అక్షరాలే అనుకుని మార్పిడి చేస్తే అంకె నాశనమవుతుంది, లీటర్లు బాగుండి ఫ్యాట్ ఒక్కటే తప్పొస్తుంది. రైతు డబ్బు ఫ్యాట్ మీదే తేలుతుంది కాబట్టి ఇందులో రాజీ కుదరదు. అంకెలన్నీ అక్షరాలుగానే, ముందు సున్నాలు నింపి, 0042 లాగా పంపండి. దశాంశ స్థానం ఎక్కడో ముందే ఒప్పందం చేసుకోండి.

తెలుగు పేర్ల సంగతి. 37లో తెలుగు లేదు. ఆ కోడ్‌కి మార్చిన తెలుగు పేరు మొత్తం బదులు గుర్తులుగా మారిపోతుంది. ఐబీఎమ్ ఐ టేబుల్లో ఆ కాలమ్‌ని 1208గా పెట్టి, మెసేజ్ తీసుకునే ముందు ప్రోగ్రామే హెడరులో 1208 అడగాలి. లేకపోతే క్యూ మేనేజర్ (క్యూలను నడిపే ఎంక్యూ సర్వరు ప్రోగ్రాం) సొంత కోడ్‌కి మార్చి ఇస్తుంది. వెడల్పు కూడా చూసుకోవాలి: యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు. “తిరుపతి” రాస్తే త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి కలిపి 7 గుర్తులు, 21 బైట్లు. ఫీల్డు 20 బైట్లయితే చివరి గుడి రెండు బైట్ల దగ్గర తెగుతుంది. చూడ్డానికి ఒక్క బైటే, కానీ లినక్స్ వైపు జేసన్ చదివే ప్రోగ్రాం ఆ రికార్డు మొత్తాన్నే తోసిపుచ్చవచ్చు. ఊరి పేరుకు కనీసం 60 బైట్లు ఇవ్వండి.

ఇక ఛానళ్లు. లైను తెగితే సెండర్ ఛానల్ 60 సెకన్లకోసారి చొప్పున 10 సార్లు ప్రయత్నిస్తుంది. అప్పటికీ కుదరకపోతే 1200 సెకన్లకోసారికి మారిపోతుంది. అంటే నెట్ 10 నిమిషాలకు పైగా పోయి తిరిగొచ్చినా, ఛానల్ లేవడానికి మరో 20 నిమిషాల దాకా పట్టొచ్చు. క్యూ మేనేజర్ ఉన్న బీఎంసీ నుంచి “నెట్ వచ్చింది, డేటా పోలేదు” అని ఫోన్ వస్తే ముందు చూడాల్సింది ఇదే. ఈ 1200ను పెట్టే లాంగ్ టైమర్‌ని 120కి దించితే సరిపోతుంది. హార్ట్‌బీట్ (లైను బతికే ఉందా అని చూసుకునే విరామం) డిఫాల్టు 300 సెకన్లు. మొబైల్ రౌటర్ అంతకంటే ముందే కనెక్షన్ మరిచిపోయే చోట 60 పెట్టండి.

క్యూ లోతు డిఫాల్టు 5000 మెసేజ్‌లు. పొద్దుటి పాలు అయ్యాక అన్ని కేంద్రాల రికార్డులు ఒక్కసారిగా వచ్చి, అదే టైముకి బిల్లు ప్రోగ్రాం ఆగి ఉంటే అది ఇట్టే నిండుతుంది, క్యూ నిండిందనే 2053 కోడ్ వస్తుంది. డెడ్ లెటర్ క్యూ (చేర్చలేని మెసేజ్‌లను పక్కన పెట్టే క్యూ) పేరు క్యూ మేనేజర్‌లో విడిగా పెట్టాలి. ఆ పేరుతో క్యూ తయారుగా ఉన్నంత మాత్రాన సరిపోదు. పెట్టకపోతే నిండిన ఒక్క క్యూ కోసం ఛానల్ మొత్తం ఆగిపోతుంది, వెనకున్న మిగతా క్యూల మెసేజ్‌లూ నిలిచిపోతాయి. పాల రికార్డులన్నీ పర్సిస్టెంట్‌గానే (డిస్కులో రాసి ఉంచే పద్ధతి) పంపండి. నాన్ పర్సిస్టెంట్ మెసేజ్‌లను ఛానల్ డిఫాల్టుగా ఫాస్ట్ పద్ధతిలో పంపుతుంది, ఆ పద్ధతిలో మధ్యలో లైను తెగితే అవి పోవచ్చు.

పేర్ల విషయం చిన్నదే అయినా టైము తినేస్తుంది. ఎంక్యూ ఆదేశాలు ఇచ్చే రన్ఎంక్యూఎస్సీలో కొటేషన్ గుర్తులు లేకుండా చిన్నక్షరాల్లో క్యూ పేరు ఇస్తే అది పెద్దక్షరాలుగా తయారవుతుంది. ప్రోగ్రాం చిన్నక్షరాలతో అడిగితే, ఆ పేరు లేదనే 2085 వస్తుంది. క్యూ పేరులో జిల్లా కోడ్ కూడా పెట్టకండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడినప్పుడు శ్రీకాళహస్తి, చంద్రగిరి ఆ వైపుకి వెళ్లాయి. పేరు మారిస్తే పంపేవైపు, తీసుకునేవైపు డెఫినిషన్లన్నీ మార్చాలి. కేంద్రం నంబరు చాలు.

ఇలాంటి పనే చేసే రాబిట్ ఎంక్యూతో పోలిక అడుగుతారు. అది కంటెంట్ టైప్, కంటెంట్ ఎన్‌కోడింగ్ మోసుకెళ్తుంది గానీ లోపలి బైట్లను ముట్టుకోదు, మార్పిడి భారం పూర్తిగా మీ ప్రోగ్రాంలదే. విండోస్, లినక్స్ రెండే ఉండి, అంతా యూటీఎఫ్-8 జేసన్ అయితే అదే హాయి. క్వోరం క్యూలు (ఒకటికి మించిన సర్వర్లలో నకళ్లు ఉంచేవి), పబ్లిషర్ కన్‌ఫర్మ్‌లు (మెసేజ్ అందిందనే రసీదులు) పెట్టుకుని నడపండి, ఎంక్యూ లైసెన్స్ ఖర్చు మిగులుతుంది. ఎంక్యూ క్లయింట్ (దూరంగా ఉన్న క్యూ మేనేజర్‌కు కలిపే చిన్న ప్రోగ్రాం) ఉచితమే, క్యూ మేనేజర్ ఉన్న సర్వర్లకే ప్రాసెసర్ లెక్కన లైసెన్స్. కాబట్టి ప్రతి బీఎంసీలో క్యూ మేనేజర్ పెట్టాలనుకోకండి. అయితే క్లయింటుకు సొంత క్యూ ఉండదు. లైను లేకపోతే కనెక్షన్ లేదని 2009, 2538 లాంటి కోడ్‌లు వస్తాయి. పీసీలో ఒక చిన్న ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలులో రికార్డు రాసి, మెసేజ్ కమిట్ అయ్యాకే పంపినట్టు గుర్తు పెట్టండి. ఆ రెండింటి మధ్య కరెంటు పోతే అదే రికార్డు రెండోసారి వెళ్తుంది, అందుకే కేంద్రం నంబరు, తేదీ, పూట, రైతు కోడ్, ఆ పూటలో క్రమసంఖ్య కలిపి ఐబీఎమ్ ఐ టేబుల్లో యూనిక్ కీగా పెట్టాలి.